రాష్ట్రపతిని జనమే నేరుగా ఎన్నుకోకూడదా?

కృష్ణాతీరం:
రాష్ట్రపతి ఎన్నికలో మనకు ఓటు లేదు. పార్లమెంటు ఉభయసభలకు, అసెంబ్లీలకు ఎన్నికైన సభ్యులే ఓటేస్తారు. ఊరూరా పెట్టెలు పెట్టి మరో ఎన్నిక జరపడం రాజ్యాంగం రాసిన రోజుల్లో తలకు మించిన పని, ఒప్పుకుంటా. ఇప్పుడు లోక్‌సభ ఎన్నికలప్పుడే పక్కన ఇంకో ఈవీఎం పెడితే పోయేదేముంది? ఐర్లండ్ అధ్యక్షుడికీ పెద్ద అధికారాల్లేవు, అయినా ఏడేళ్లకోసారి జనమే ఓటేస్తారు.

లెక్కల పంతులు:
ఖర్చొక్కటే కారణం కాదండీ. రాజ్యాంగ సభలో కె.టి. షా ప్రత్యక్ష ఎన్నిక కావాలని పట్టుబట్టారు, సభ ఒప్పుకోలేదు. దేశమంతా ఓటేసి గెలిపించిన మనిషిని ఉత్సవ విగ్రహంలా కూర్చోబెడితే పొంతన కుదరదు, అధికారం ఇస్తే ప్రధానికి పోటీ అవుతాడు అన్నది నెహ్రూ వాదన.

ఈవీఎం సంగతి. 55వ అధికరణం ప్రకారం ఇది ప్రాధాన్య ఓటు: పేర్ల ఎదురుగా 1, 2, 3 అని వేయాలి. ఈవీఎంలో నొక్కేది ఒక్క బటనే. కాబట్టి జనం ఓటంటే కోట్ల కాగితం బ్యాలెట్లు అచ్చేసి రౌండ్ల వారీగా లెక్కపెట్టాలి, లేదా ప్రాధాన్యం ఎత్తేసి, ముక్కోణపు పోటీలో 35 శాతంతో గెలిచినవాడిని రాష్ట్రపతి అనాలి. ఐర్లండ్‌వాళ్లు కాగితమే వాడతారు, కానీ అక్కడి మొత్తం జనాభా మన తెలంగాణలో ఆరో వంతు కూడా ఉండదు.

ఓటరు 119:
పంతులుగారూ, ఎమ్మెల్యే ఓటు విలువ ఎలా కడతారో కూడా రాయండి. చాలామంది ఎమ్మెల్యేకు ఒకటే ఓటనుకుంటున్నారు.

లెక్కల పంతులు:
1971 జనాభా లెక్కల్లో ఇప్పటి ఆంధ్రప్రదేశ్ హద్దుల్లోపల 2,78,00,586 మంది. 175 అసెంబ్లీ సీట్లతో, ఆపైన వెయ్యితో భాగిస్తే 158.86. మిగిలింది సగం దాటింది కాబట్టి 159. తెలంగాణ 1,57,02,122, 119తో అలాగే చేస్తే 131.95, అంటే 132. విడిపోకముందు అందరికీ 148 ఉండేది.

రాష్ట్రాలన్నిటి ఎమ్మెల్యేల ఓట్లు కూడి, ఎన్నికైన ఎంపీల సంఖ్యతో భాగిస్తే ఎంపీ విలువ. 2022లో 5,43,231ని 776తో భాగిస్తే 700. 2017లో 708 ఉండేది. తగ్గిందెందుకంటే 2022 నాటికి జమ్మూ కశ్మీర్‌కు అసెంబ్లీ లేదు, ఆ 87 సీట్ల 6,264 ఓట్లు లెక్కలోంచే పోయాయి. నా దృష్టిలో ఈ పద్ధతికున్న అసలు చిల్లు ఇదే. 1974లో గుజరాత్ అసెంబ్లీ రద్దయి ఉన్నా ఎన్నిక ఆగనక్కర్లేదని సుప్రీంకోర్టు తేల్చింది. అంటే రాష్ట్రం ఓటు లేకుండానే రాష్ట్రపతి ఎన్నికవుతారు.

ఓటరు 119:
దానికన్నా పెద్ద చిల్లు 1971 దగ్గరుంది. రాజ్యాంగ 84వ సవరణ ప్రకారం 2026 తర్వాత జరిగే మొదటి జనగణన అంకెలు వెలువడేదాకా అవే లెక్కలు. సీట్లు ఇప్పటిలాగే ఉంచి 2011 జనాభా వేసి చూడండి: ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు 208 నుంచి 496కి, తమిళనాడులో 176 నుంచి 308కి పోతుంది. తెలంగాణ సుమారు 295, ఆంధ్ర 283. దక్షిణాది మొత్తం మునుగుతుందని గుండుగుత్తగా అనేస్తారు గానీ, తెలంగాణ పెరుగుదల యూపీకి అంత దూరంలో లేదు. మునిగేది ఆంధ్ర, తమిళనాడు, కేరళ.

కృష్ణాతీరం:
సరే, జనం ఓటు వదిలేద్దాం. కానీ మా ఎమ్మెల్యే ఎవరికి వేశాడో నాకు తెలియాలి కదా? ఫలానావాళ్లకే వేయాలన్న పార్టీ ఆదేశం (విప్) లేదు, పైగా రహస్య ఓటు. రాజ్యసభ ఎన్నికల్లో 2003 నుంచి బ్యాలెట్‌ను పార్టీ ఏజెంటుకు చూపించి వేస్తున్నారు. ఇక్కడెందుకు కుదరదు?

లెక్కల పంతులు:
చూపించి వేస్తే 1969 రాష్ట్రపతి ఎన్నిక అలా జరిగేదే కాదు. కాంగ్రెస్ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. అయినా ప్రధాని ఇందిరాగాంధీ పార్టీ మాట కాక అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయమన్నారు. ఇండిపెండెంటుగా దిగిన వి.వి. గిరికి మొదటి ప్రాధాన్యంలో 4,01,515, రెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలవడానికి సగానికి మించి, అంటే 4,18,169 కావాలి. కిందివాళ్లను ఒక్కొక్కరినే తీసేసి వాళ్ల రెండో ప్రాధాన్యాలు పంచితే గిరి 4,20,077, రెడ్డి 4,05,427. పంచిన ఓట్లలో సింహభాగం రెడ్డికే పడ్డాయి, అయినా చాలలేదు. ఓడింది, గెలిచింది ఇద్దరూ తెలుగువాళ్లే. అదే రెడ్డి 1977లో ఏకగ్రీవం: 37 నామినేషన్లు పడితే 36 తిరస్కరించారు.

ఇంకో ముచ్చట. బ్యాలెట్‌పై తెలుగు అంకె ౧ వేసినా చెల్లుతుంది, ‘ఒకటి’ అని అక్షరాల్లో రాస్తే చెల్లదు. ఎన్నికల సంఘం చేతికిచ్చే వంగపండు రంగు సిరా పెన్నుతోనే వేయాలి, జేబులోది తీస్తే ఓటు పోయినట్టే. 2022లో చెల్లనివి 53.

కృష్ణాతీరం:
అంత చదువుకున్న సభ్యులు 53 మంది అంకె వేయడంలో తప్పారా, కావాలనే పాడుచేశారా? రహస్యం కాబట్టి ఇప్పుడు మీరూ చెప్పలేరు, నేనూ అడగలేను. నేనంటున్నదీ అదే.

ఓటరు 119:
బ్యాలెట్ ఏజెంటుకు చూపించాలంటే ముందు 55వ అధికరణంలో ‘రహస్య’ అన్న మాట తీసేయాలండీ. ఆ సవరణకు సగం రాష్ట్రాల అసెంబ్లీలు కూడా ఒప్పుకోవాలి. ఎవరికి వేశారో చూపించమంటున్నది ఆ ఎమ్మెల్యేలనే మరి.