‘దయ్యం ఎత్తుకుపోను’ అంటే నిజంగా ఎత్తుకుపోవాలా?

‘నీ దుంపతెగ’ అనేది నిజంగా తిట్టా, ముద్దుగా అనే మాటా అని మొన్న ఇక్కడ వాదించుకున్నాం, తేలలేదు. అచ్చం ఈ తగువు మీదే నడిచే పాత ఇంగ్లీషు కథ ఒకటి ఉంది. 14వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషు కవి చాసర్ రాసిన ‘కాంటర్‌బరీ కథల్లో’ యాత్రికులు దారిలో తలా ఒక కథ చెప్పుకుంటారు; దీన్ని ఫ్రయర్, అంటే భిక్షాటన చేసే సన్యాసి, చెబుతాడు.

కథలో ప్రధాన పాత్ర ఒక సమనర్. ఆర్చిడీకన్ (బిషప్ కింద చర్చి అధికారి) నడిపే చర్చి కోర్టుకి జనాన్ని రప్పించే బంట్రోతు అనుకోండి. వ్యభిచారం, మంత్రతంత్రాలు, వీలునామాలు, చర్చికి కట్టాల్సిన దశమభాగం, అన్నీ ఆ కోర్టు కిందికే వచ్చేవి. వీడు వేశ్యల్ని వేగులుగా పెట్టుకుని, విటుల పేర్లు రాబట్టి, దొంగ సమన్లు చూపించి డబ్బు గుంజేవాడు.

దారిలో ఆకుపచ్చ కోటువాడు ఒకడు కలిశాడు. సమనర్ అని చెప్పుకోడానికి వీడికే సిగ్గేసి, బెయిలిఫ్‌ని, అంటే దొర తరఫున బాకీలు వసూలు చేసేవాణ్ణి అన్నాడు. అవతలివాడు దయ్యం! ఆ సంగతి తెలిశాక కూడా వీడు బెదరలేదు, అన్నదమ్ముల్లా ఉందామన్న ఒట్టుకి కట్టుబడ్డాడు.

ముందు, బురదలో దిగబడ్డ గడ్డిబండి. బండివాడు ఒళ్ళు మండి, “గుర్రాలు, బండి, గడ్డి, అన్నీ దయ్యం ఎత్తుకుపోను!” అన్నాడు. ఇచ్చేశాడుగా, పట్టుకో అని సమనర్ చెవిలో ఊదాడు. వాడి నోట ఒకటి, మనసులో ఒకటి, ఆగి చూడు అంది దయ్యం. బండి కదలగానే అదే నోటితో ఏసు మిమ్మల్ని చల్లగా చూడాలని గుర్రాల్ని దీవించాడు. ఇదీ మన దుంపతెగ!

తర్వాత మేబెల్ అనే ముసలమ్మ గుమ్మం. 12 పెన్నీలిస్తే కేసు కొట్టేయిస్తా, లాభం మా దొరదే, నాకేం మిగలదు అంటాడు (ఆ డైలాగు ఎక్కడో విన్నట్టుంది కదూ). లేవంటే కొత్త పెనం పట్టుకుపోతానన్నాడు. “నిన్నూ నా పెనాన్నీ ఆ నల్ల దయ్యానికే ఇచ్చా!” అందావిడ. దయ్యం ఎంతో మర్యాదగా, “అమ్మా, మనసారా అంటున్నావా?” అనడిగింది. “ఆ! వీడు పశ్చాత్తాపపడితే తప్ప.”

“నేనా? పడను,” అన్నాడు సమనర్. ఆ రాత్రికే నరకం, పెనంతో సహా.

ఒక పాఠకుడి ప్రశ్న: ముసలమ్మ తిట్టుకి షరతు పెట్టింది కదండీ. మరి దాన్ని తగిలించుకున్నది వాడేగా?

వాడేనండి. ఆవిడ సందు వదిలింది, వీడు తలుపేసుకున్నాడు. నాకు నచ్చేది దయ్యం పద్ధతి. దొంగ సమన్లతో బతికినవాడి విషయంలో అదొక్కటే మాటని విచారించి తీసుకుంది. బండివాడికి సంశయలాభం, ముసలమ్మకి రెండోసారి ప్రశ్న, సమనర్‌కి చివరి అవకాశం. ఆర్చిడీకన్ కోర్టులో ఇవేవీ దొరికేవి కావు.

ఇంకో ప్రశ్న: ఫ్రయర్ మాత్రం శుద్ధపూసా?

అబ్బే. యాత్రలో అసలు సమనర్ ఒకడు పక్కనే గుర్రమెక్కి వస్తున్నాడు. ఇదంతా విని రికాబుల్లో లేచి నిలబడి, కోపంతో ఆకులా వణికిపోయాడు. నరకంలో సైతాను తోక ఎత్తితే కింద నుంచి 20,000 మంది ఫ్రయర్లు తేనెటీగల్లా బయటికొచ్చారని మొదలెట్టాడు.