చిప్‌ల గొడవలో మనకు ఫ్యాబ్ (చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీ) కావాలా, ప్యాకేజింగ్ చాలా?

రేణిగుంట టెక్నీషియన్:
మన రాష్ట్రానికి చిప్ ప్యాకేజింగ్ యూనిట్ వస్తోందంటే (2025 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఒప్పుకున్న ఏఎస్‌ఐపీ కంపెనీ ప్రాజెక్టు) "ఎవరో చేసింది డబ్బాలో పెట్టడమేగా" అంటున్నారు చాలామంది. ఆ మాట నాకు నచ్చలేదు. నెక్స్‌పీరియా అనే చిప్‌ల కంపెనీ సంగతి చూడండి. కంపెనీ నెదర్లాండ్స్‌ది, ఓనర్లు చైనావాళ్లు. 2025లో డచ్ ప్రభుత్వం దాన్ని అదుపులోకి తీసుకోగానే, తమ దేశంలో ప్యాకింగ్ అయిన చిప్‌లను చైనా బయటికి పోనివ్వలేదు. చిప్‌లు గీసిన సిలికాన్ పలకలు యూరప్‌లోనే తయారవుతాయి, కానీ వాటిని ముక్కలుగా కోసి, తీగలు కలిపి, టెస్ట్ చేసేది ఎక్కువగా చైనాలోనే. అంత మామూలు చిప్‌లు అందక మెక్సికోలో హోండా ఫ్యాక్టరీ ఆగిపోయింది. ఇది చిన్న పనా?

చిత్తూరు మాస్టారు:
చిన్న పని కాదు నాయనా, కానీ అసలు పట్టు వేరేచోట ఉంది. అతి సన్నని చిప్‌లు గీసే ఈయూవీ మెషిన్ చేసేది లోకంలో నెదర్లాండ్స్ కంపెనీ ఏఎస్‌ఎంఎల్ ఒక్కటే, అమెరికా ఒత్తిడి వల్ల అది చైనాకి ఒక్కటీ పోలేదు. మొహాలీలో మనం 1984లోనే చిప్‌లు మొదలుపెట్టాం, 1989లో మంటల్లో ఆ ఫ్యాక్టరీ కాలిపోయాక మళ్లీ ఆ ఊపు రాలేదు. ఇప్పుడు గుజరాత్‌లోని ధోలేరాలో టాటాలు 91,000 కోట్లతో ఫ్యాబ్ కడుతున్నారు. అది కూడా లేకపోతే ఎప్పటికీ ఇంకొకరి చేతికింద ఉండాల్సిందే.

శ్రీసిటీ అమ్మాయి:
మెషిన్ ఇవ్వకపోతే చైనా ఆగిందా సార్? 2022 అక్టోబరులో అమెరికా గట్టి ఆంక్షలు పెట్టింది, 2023 ఆగస్టుకల్లా హువావే మేట్ 60 ప్రో ఫోన్ వచ్చేసింది, అందులో 7 నానోమీటర్ల చిప్, అంటే అతి సన్నని రకమే. ఈయూవీ లేకుండా పాత రకం మెషిన్లతోనే చైనా చిప్ కంపెనీ ఎస్‌ఎంఐసీ చేసింది. ఖర్చు ఎక్కువే అయ్యుంటుంది, కానీ చేయగలిగే మనుషులు వాళ్ల దగ్గర ఉన్నారు.

రేణిగుంట టెక్నీషియన్:
నేను చెప్పాలనుకున్నది అదే చెల్లీ. గల్వాన్ గొడవ తర్వాత నేను పనిచేసే చోట చైనా నుంచి తెచ్చిన మెషిన్ ఒకటి మొరాయించింది, బాగుచేసే ఇంజనీరుకి వీసా దొరకలేదు. వీడియో కాల్‌లో వాళ్లు చెబుతుంటే అర్థమైనంతవరకు బిగించి చూశాం, లాభం లేదు, లైన్ అలాగే నెలలు పడి ఉంది. మాకు కొరత పడింది డబ్బు కాదు, మెషిన్ లోపల ఏముందో తెలిసిన మనిషి. మాస్టారూ, ఫ్యాబ్ వద్దని నేను అనను, రానివ్వండి. కానీ అది వచ్చినా దాన్ని నడిపేది ఎవరు? ఏర్పేడులో ఐఐటీ ఉంది, అక్కడ డిజైన్ నేర్చుకుంటారు, సంతోషం. మన పాలిటెక్నిక్ పిల్లలకు మాత్రం చిప్ మెషిన్లలో ఉండే వ్యాక్యూమ్ పంపు (లోపలి గాలి లాగేసేది) విప్పి మళ్లీ బిగించే అవకాశం ఎక్కడ దొరుకుతోంది?

చిత్తూరు మాస్టారు:
ఈ ఒక్క మాట మాత్రం ఒప్పుకుంటా. మా కాలేజీ ల్యాబ్‌లో పంపు ఉంది, పాడైపోతుందని పిల్లల్ని ముట్టనివ్వం. వచ్చే వారం నేనే విప్పిస్తా.