కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ని ముందు తెచ్చుకోవాలా, జట్టుని ముందు కట్టుకోవాలా? బేర్స్ విషయంలో మీరేమంటారు?

నేపర్‌విల్ నాని:
అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ NFLలో షికాగో బేర్స్ 2025లో 11 మ్యాచ్‌లు గెలిచి తమ నాలుగు జట్ల డివిజన్ కొట్టినప్పటి నుంచి మన గ్రూపుల్లో ఒకటే మాట. "క్వార్టర్‌బ్యాక్ కేలబ్ విలియమ్స్‌ని 2024లో మొదటి మ్యాచ్ నుంచే దింపారు కాబట్టే రెండో ఏడాదికి రాటుదేలాడు" అని. నాకు ఈ లెక్క మింగుడుపడటం లేదు.

2024లో అతన్ని 68 సార్లు శాక్ చేశారు. కొత్తవాళ్ల కోసం చెప్తున్నా, క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి అందుకుని జట్టు ఆటని నడిపేవాడు, శాక్ అంటే బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పట్టి కింద పడేయడం. 17 మ్యాచ్‌ల్లో 68 అంటే సగటున మ్యాచ్‌కి నాలుగు. నవంబర్‌లో పేట్రియట్స్ ఒక్క మ్యాచ్‌లోనే తొమ్మిది సార్లు పడేశారు. రెండు రోజులకే అఫెన్స్ (బంతి మన దగ్గర ఉన్నప్పటి ఆట) చూసుకునే కోచ్ షేన్ వాల్డ్రన్ ఉద్యోగం ఊడింది. వరసగా పది ఓటములు, చివరికి 5-12 (అయిదు గెలుపులు, పన్నెండు ఓటములు). ఇందులో ఆ కుర్రాడు నేర్చుకున్నదేంటి, పడి లేవడం తప్ప?

2025లో ఏం మారింది? గార్డ్ జో థూనీని చీఫ్స్ నుంచి, ఇంకో గార్డ్ జోనా జాక్సన్‌ని రామ్స్ నుంచి తెచ్చారు. సెంటర్ డ్రూ డాల్మన్‌తో సంతకం చేయించారు. అంటే క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడి అతన్ని కాపాడే అయిదుగురిలో (దీన్నే లైన్ అంటారు) మధ్య ముగ్గురూ కొత్తవాళ్లే. శాక్‌లు 68 నుంచి 24కి పడిపోయాయి. ఈ పని ఏడాది ముందే చేసి, 2024లో ఒక అనుభవజ్ఞుడితో ఆడించి, కేలబ్‌ని పక్కన కూర్చోబెడితే ఏం పోయేది? చీఫ్స్ 2017లో కుర్ర క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్‌ని అనుభవజ్ఞుడు అలెక్స్ స్మిత్ వెనక కూర్చోబెట్టలేదా?

ఫ్రిస్కో మామ:
నానీ, మహోమ్స్ పేరు ఎత్తే ముందు ఒకటి చూడు. అతన్ని తీసుకునే ముందు సీజన్‌లో చీఫ్స్ 12-4. ఆడుతున్న జట్టు, ఆడుతున్న క్వార్టర్‌బ్యాక్, పైన కోచ్ ఆండీ రీడ్. అలాంటి ఇంట్లో కుర్రాడు ఏడాది ఖాళీగా కూర్చున్నా ఎవరికీ బరువు కాదు. కష్టాల్లో ఉన్న జట్టుకి అలెక్స్ స్మిత్ ఎక్కణ్ణుంచి వస్తాడు? ఉంటే అసలు మొదటి పిక్ దాకా (డ్రాఫ్ట్ అనే కుర్రాళ్ల ఎంపికలో మొదటి అవకాశం, అది అందరికన్నా అధ్వానంగా ఓడిన జట్టుకే) ఎందుకు దిగజారుతుంది?

ఇక డబ్బు. డ్రాఫ్ట్‌లో మొదటివాడైనా కేలబ్‌కి నాలుగేళ్లకి కలిపి సుమారు 39 మిలియన్ డాలర్లు. మా డాలస్‌లో డాక్ ప్రెస్కాట్‌కి ఒక్క ఏడాదికి సగటున 60 మిలియన్లు. 2025లో జట్టు మొత్తానికి ఉన్న జీతాల పరిమితే 279 మిలియన్లు. క్వార్టర్‌బ్యాక్ చవగ్గా ఉన్న ఆ నాలుగేళ్లలోనే మిగతా జట్టుని కొనుక్కోవాలి. అందులో ఒక ఏడాది బెంచీ మీద పోగొట్టుకుంటే ఆ నష్టం ఎవరు పూడుస్తారు?

కొత్తగా చూస్తున్నా (విజయవాడ):
నమస్కారం అండీ. మా అన్నయ్య అక్కడ ఉంటాడు కాబట్టి ఈ మధ్యే చూడటం మొదలుపెట్టాను. ఒక డౌట్. క్రికెట్‌లో కుర్రాణ్ణి ముందు కింది వరసలో దింపి, అలవాటయ్యాక పైకి తెస్తారు కదా. ఇక్కడ అలా కుదరదా?

నేపర్‌విల్ నాని:
కుదరదు బాబూ, అదే ఇక్కడ చిక్కు. క్వార్టర్‌బ్యాక్ చోటు ఒక్కటే, ప్రతి ఆటలో బంతి ముందు అతని చేతికే వస్తుంది. ఉంటే పూర్తిగా ఉండాలి, లేకపోతే పక్కన హెడ్‌సెట్ పెట్టుకుని చూడాలి.

మామా, డబ్బు లెక్క కాదనను. కానీ 5-12 ఏడాది నీ లెక్కలో లాభమా? ఆ చవక ఏడాదిలో కొన్నదేంటి?

షార్లెట్ సుబ్బు:
అసలు కథ మా ఇంటిదే కదా, కాస్త చెప్పనివ్వండి. 2023లో మొదటి పిక్ బేర్స్‌ది. మా పాంథర్స్ ఎగబడి కొన్నారు. బదులుగా ఏమిచ్చారు? 2023లో తొమ్మిదో పిక్, 61వ పిక్, 2024 మొదటి రౌండ్, 2025 రెండో రౌండ్, పైగా మా బెస్ట్ రిసీవర్ డీజే మూర్. తెచ్చుకున్నది క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్‌ని. కుర్రాడికి బంతి అందుకునేవాణ్ణే ఇచ్చేసి కుర్రాణ్ణి కొన్నారు! ఆ ఏడాది 2-15, 62 శాక్‌లు, కోచ్ ఫ్రాంక్ రైక్ 11 మ్యాచ్‌లకే అవుట్. మేం అంత అధ్వానంగా ఓడాం కాబట్టే 2024 మొదటి పిక్ బేర్స్ చేతిలో పడింది, కేలబ్ వచ్చాడు. 2025 రెండో రౌండ్ పిక్‌తో వాళ్లు లూథర్ బర్డెన్‌ని కూడా తీసుకున్నారు. మా ఆస్తితో వాళ్ల ఇల్లు కట్టారు, ఇప్పుడు మీరు గృహప్రవేశం గురించి కొట్టుకుంటున్నారు.

కానీ నానిగారూ, 2024లో మాకు కొత్త కోచ్ డేవ్ కనాలెస్ వచ్చాడు, గార్డులు రాబర్ట్ హంట్, డేమియన్ లూయిస్ వచ్చారు. అంటే మీరు చెప్పిన మందే. అయినా రెండు మ్యాచ్‌లకే బ్రైస్‌ని కూర్చోబెట్టి పాత క్వార్టర్‌బ్యాక్ ఆండీ డాల్టన్‌ని దింపారు. డాల్టన్‌కి దెబ్బ తగిలి బ్రైస్ తిరిగొచ్చాక వేరే మనిషిలా ఆడాడు. లైన్ ఒక్కటే మందు అయితే మొదటి వారమే పనిచేయాలి కదా.

ఆరోరా లలిత:
అందరూ లైన్, డబ్బు అంటున్నారు. నాకు కనిపించేది కోచ్ కుర్చీ.

బేర్స్ చరిత్ర చూడండి. 2017లో రెండో పిక్‌తో మిచెల్ ట్రుబిస్కీని తెచ్చి జాన్ ఫాక్స్ చేతిలో పెట్టారు. సీజన్ అవగానే ఫాక్స్‌ని తీసేశారు. 2021లో జస్టిన్ ఫీల్డ్స్‌ని మాట్ నేగీకి ఇచ్చారు, సీజన్ అవగానే నేగీ ఇంటికి. 2024లో కేలబ్‌ని మాట్ ఎబర్‌ఫ్లూస్‌కి ఇచ్చారు, సీజన్ అయ్యేదాకా కూడా ఆగలేదు. ముగ్గురు కుర్రాళ్లు, ముగ్గురు కోచ్‌లు, మూడుసార్లూ కోచ్ కుర్చీ అప్పటికే ఊగుతోంది. తన ఉద్యోగం ఈ ఏడాది గెలుపు మీద వేలాడుతున్నవాడు కుర్రాడి మూడో ఏడాది గురించి ఎందుకు ఆలోచిస్తాడు?

థాంక్స్‌గివింగ్ రోజు డెట్రాయిట్ మ్యాచ్ చూసినవాళ్లకి తెలుసు. స్కోరు 23-20, బేర్స్ మూడు పాయింట్లు వెనక. కేలబ్‌ని శాక్ చేశారు, ఇంకా 32 సెకన్లు ఉన్నాయి, ఒక టైమౌట్ చేతిలో ఉంది. గడియారం నడుస్తోంది. అందరూ అటూ ఇటూ పరిగెడుతున్నారు. సైడ్‌లైన్ మీద కోచ్ టైమౌట్ అడగడు. ఆరు సెకన్లు ఉండగా బంతి కదిలింది, దూరంగా విసిరాడు, కింద పడింది, మ్యాచ్ అయిపోయింది. టైమౌట్ జేబులోనే ఉండిపోయింది. మర్నాడు ఎబర్‌ఫ్లూస్‌ని తీసేశారు. సీజన్ మధ్యలో హెడ్ కోచ్‌ని తీసేయడం బేర్స్ చరిత్రలో అదే మొదటిసారి. ఇరవై మూడేళ్ల కుర్రాడు ఆ గందరగోళంలో గడియారం కూడా తనే చూసుకోవాలా?

నానిగారు చెప్పినట్టు థూనీని ఏడాది ముందే తెచ్చినా ఆ 32 సెకన్లు మారవు. అదే 2023 సీజన్ 7-10తో ముగిసినప్పుడే కోచ్‌ని మార్చి ఉంటే, కేలబ్ మొదటి రోజు నుంచే ఆడొచ్చు, మామగారి చవక ఏడాదీ పోదు.

బఫెలో గ్రోవ్ శీను:
మీరంతా కుర్రాణ్ణి మరీ గారాబం చేస్తున్నారు. 68 శాక్‌లలో అన్నీ లైన్ తప్పులేనా? బంతి పట్టుకుని అటూ ఇటూ తిరగడం అతనికి కాలేజీ రోజుల నుంచీ అలవాటు. 2025లో కొత్త కోచ్ బెన్ జాన్సన్ 70 శాతం పాస్‌లు అందాలని టార్గెట్ పెట్టాడు. ఎంత వచ్చింది? 60 కూడా దాటలేదు. ప్రత్యర్థి దగ్గర బంతి లాక్కోవడంలో మన డిఫెన్స్ లీగ్‌లోనే ఫస్ట్. రన్ గేమ్ (బంతి విసరకుండా పట్టుకుని పరిగెత్తే ఆట) అదిరిపోయింది. చివరి నిమిషాల్లో మ్యాజిక్ చేశాడు, కాదనను. ప్యాకర్స్ మీద ప్లేఆఫ్ మ్యాచ్‌లో హాఫ్‌టైమ్‌కి 21-3 వెనకబడి 31-27తో గెలవడం చూసి నేనూ గంతులేశాను. కానీ ప్రతి వారం ఆ టెన్షన్ ఎందుకొచ్చిందో కూడా అడగాలిగా.

నానీ, నీ "ముందు లైన్" సూత్రానికి బెంగాల్స్ దగ్గర జవాబుంది. 2020లో వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జో బరో మోకాలు పోయింది. అందరూ లైన్‌మన్ పెనై స్యూవెల్‌ని తీసుకోమన్నారు. 2021లో వాళ్లు రిసీవర్ జమార్ చేజ్‌ని తీసుకున్నారు. ఆ సీజన్‌లోనే సూపర్ బౌల్‌కి, అంటే లీగ్ ఫైనల్‌కి వెళ్లారు.

నేపర్‌విల్ నాని:
వెళ్లి ఏమైంది శీనూ? టైటన్స్ ప్లేఆఫ్‌లో తొమ్మిది సార్లు, సూపర్ బౌల్‌లో రామ్స్ ఏడు సార్లు బరోని పడేశారు. మూడు పాయింట్ల తేడాతో పోయింది. వాళ్ల చివరి ప్రయత్నంలో కూడా రామ్స్ ఆటగాడు ఆరన్ డొనాల్డ్ మీద పడితేనే కదా బంతి ఎటో పోయింది. నా వాదనకి అంతకన్నా మంచి సాక్షి దొరకడు.

లలితగారు చెప్పిన కుర్చీ సంగతి ఒప్పుకుంటాను. కానీ మంచి కోచ్ వచ్చాక వెంటనే ఏం చేశారో చూడండి. జాన్సన్ 2025 జనవరిలో వచ్చాడు, మార్చిలో ముగ్గురు లైన్‌మెన్ వచ్చారు. క్వార్టర్‌బ్యాక్‌తో పెద్ద పని మొదలుపెట్టకముందే! ముందు ఏది కావాలో ఆయనకి తెలుసు.

ఆరోరా లలిత:
అదే నేనంటున్నది నానిగారూ. ఆ ముగ్గుర్నీ అడిగి తెప్పించుకునే ధైర్యం, అయిదేళ్లు ఉంటాననే నమ్మకం ఉన్న కోచ్‌కే వస్తుంది.

ఫ్రిస్కో మామ:
సరే, వెనకటిది వదిలేయండి. 2026 సీజన్ అవగానే కేలబ్ కొత్త కాంట్రాక్ట్ అడగొచ్చు. అడుగుతాడు కూడా. థూనీకి అప్పటికి ముప్పై నాలుగు. కుర్రాడికి ఏడాదికి యాభై అరవై మిలియన్లు ఇచ్చి, అతని ముందు అదే గోడ నిలబెట్టడానికి డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తారో ఎవరైనా లెక్క వేసి చూపించండి. శీనూ, నువ్వు అకౌంట్స్ మనిషివి కదా, మొదలుపెట్టు.

బఫెలో గ్రోవ్ శీను:
మామా, ఆదివారం దాకా టైమ్ ఇవ్వు. డీజే మూర్ జీతం దగ్గర మొదలుపెడతా, సుబ్బు ఏడవకూడదు.