యూపీఐ ఉండగా ఈ-రూపాయితో బ్యాంకుకి కొత్తగా పోయేదేంటి?

ప్రశ్న: సేవింగ్స్ ఖాతాలోంచి ఈ-రూపాయి (రిజర్వ్ బ్యాంకు తెచ్చిన డిజిటల్ కరెన్సీ) వాలెట్‌లోకి డబ్బు మారిస్తే బ్యాంకు లెక్కల్లో ఏం మారుతుంది? అదీ యూపీఐ లాంటిదే కదండీ? రేపు బ్యాంకు మూతపడితే వాలెట్‌లో ఉన్నదాని సంగతేంటి?

జవాబు: కాదండీ. యూపీఐలో డిపాజిట్ ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి పోతుంది, అంతే. వాలెట్‌లోకి మార్చడమంటే ఏటీఎంలో నోట్లు తీసుకున్నట్టు. అప్పట్నుంచి ఆ సొమ్ము మీకు బాకీ ఉన్నది రిజర్వ్ బ్యాంకు. 2022 ఫైనాన్స్ చట్టంతో 'బ్యాంకు నోటు' నిర్వచనంలో డిజిటల్ రూపాన్నీ చేర్చారు. డిపాజిట్ కాదు కాబట్టి బ్యాంకు డిపాజిట్లకుండే రూ.5 లక్షల బీమా దీనికి వర్తించదు, ఆ అవసరమూ లేదు. వడ్డీ మాత్రం రాదు.

మరో జవాబు: బ్యాంకుకి తగిలే దెబ్బ అంకెల్లో చూడండి. ఖాతాదారులంతా కలిపి రూ.10 కోట్లు మార్చారనుకుందాం. ఆర్‌బీఐ దగ్గరున్న బ్యాంకు ఖాతాలోంచి రూ.10 కోట్లు తగ్గుతాయి. డిపాజిట్లు తగ్గినందుకు సీఆర్‌ఆర్‌లో (డిపాజిట్లలో ఆర్‌బీఐ దగ్గర తప్పనిసరిగా ఉంచాల్సిన వాటా) వెసులుబాటు 3 శాతం చొప్పున రూ.30 లక్షలే. మిగతా రూ.9.70 కోట్ల కోసం ప్రభుత్వ బాండ్ల లాంటి సెక్యూరిటీలు అమ్మాలి, లేదా ఎక్కువ వడ్డీకి బల్క్ (పెద్ద మొత్తాల) డిపాజిట్లు తేవాలి. చవకగా వచ్చే సేవింగ్స్ సొమ్ము పోయాక రుణాల వడ్డీ పెంచకుండా ఎన్నాళ్లు ఆగుతారు?

ప్రశ్న: అందరూ ఒక్క రాత్రిలో మార్చేస్తే?

జవాబు: నియంత్రణ సంస్థల భయమంతా అదే. నోట్లకైతే బ్రాంచి వేళలు, ఏటీఎం పరిమితి అడ్డుపడతాయి. వాలెట్‌కి పరిమితి పెట్టకపోతే ఇక్కడ అడ్డేమీ ఉండదు. అందుకే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 2023లో తాము ఆలోచిస్తున్న డిజిటల్ పౌండ్‌కి మనిషికి 10,000 నుంచి 20,000 పౌండ్ల గరిష్ఠ పరిమితి ప్రతిపాదించింది. మన దగ్గర ఇప్పటికి కంగారేమీ లేదు: 2025 మార్చి చివరికి చలామణిలో ఉన్న ఈ-రూపాయి దాదాపు రూ.1,016 కోట్లు, నోట్లేమో రూ.36 లక్షల కోట్ల పైమాటే. అయినా మొబైల్, నెట్ బ్యాంకింగ్ ఉన్న రిటైల్ డిపాజిట్లు త్వరగా జారిపోతాయని, ఎల్‌సీఆర్ లెక్కలో (గడ్డుకాలంలో నెల రోజులు తట్టుకునేంత, వెంటనే సొమ్ముగా మారే ఆస్తులు బ్యాంకు దగ్గర ఉన్నాయా అన్న లెక్క) వాటికి అదనంగా 2.5 శాతం రన్-ఆఫ్ (వెనక్కి పోతుందనుకునే వాటా) వేయమంది ఆర్‌బీఐ. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఈ-రూపాయి కోసం పెట్టిన నిబంధన కాదది, కానీ భయం ఒకటే.

మరో జవాబు: ఒక మెలిక ఉంది. ఈ-రూపాయి యాప్‌తో కిరాణా కొట్టు యూపీఐ క్యూఆర్ స్కాన్ చేస్తే, కొట్టాయనకి వాలెట్ లేకపోతే డబ్బు ఆయన బ్యాంకు ఖాతాలో పడుతుంది. అంటే మళ్లీ డిపాజిట్టే, కాకపోతే మీ బ్యాంకులోనే పడాలని లేదు. ఫోన్ పోతే ముందు సిమ్ బ్లాక్ చేయించండి. అదే నంబరుతో సిమ్ తీసుకుని, కొత్త ఫోన్‌లో అదే బ్యాంకు ఈ-రూపాయి యాప్ వేసి వాలెట్ రికవర్ చేసుకోవాలి. వేరే బ్యాంకు యాప్‌లో వెతికితే దొరకదు.