ఫిట్స్ మందు మొదలెట్టాక 12 కిలోలు పెరిగాను, ఏం చెయ్యాలండీ?

కోనసీమ_పిల్ల:
నమస్తే అండి. నాకు 24, మాది అమలాపురం దగ్గర ఊరు. డిగ్రీ అయ్యాక ఇంట్లో ఉండగా ఫిట్స్ వచ్చాయి, స్కానింగ్, తలకి వైర్లు పెట్టి తీసే ఈఈజీ అన్నీ తీసి వాల్‌ప్రోయేట్ 500 పొద్దునొకటి రాత్రొకటి రాశారు. ఏడాదిన్నరైంది, మళ్ళీ ఒక్కసారి కూడా రాలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి. కానీ 51 ఉన్నదాన్ని 63 అయిపోయాను. ఆకలంటే మామూలు ఆకలి కాదండి, అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంటే మళ్ళీ ఏదోటి తినాలనిపిస్తది, రాత్రి పదకొండింటికి లేచి జంతికలు ఎవరికీ చప్పుడు వినపడకుండా నోట్లో నానబెట్టుకుని తిన్నానంటే నమ్మండి. పీరియడ్స్ కూడా రెండు నెలలకోసారి వస్తున్నాయి, జుట్టు దువ్వెనకి ముద్దలుగా వచ్చేస్తోంది.

మొన్న మా బాబాయి కూతురి పెళ్ళికని జాకెట్లు వదులు చేయించుకుందామని వెళ్తే టైలరమ్మ కుట్టు దగ్గర తిరగేసి చూపించింది, ఇంక లోపల గుడ్డ లేదమ్మా ఎక్కడని విప్పను అని. అక్కడే ఏడుపొచ్చేసింది. పెళ్ళిలో అయితే ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు, ఏంటే ఇలా అయిపోయావు ఇంట్లో కూర్చోబెట్టి మేపుతున్నారా అని. మందు సంగతి చుట్టాలకి తెలీదు, సంబంధాలు చూస్తున్నారు కదా, అమ్మ ఎవరికీ చెప్పొద్దంది.

నిజం చెప్పేస్తున్నా, ఈ నెలలో వారానికి రెండుసార్లు రాత్రి బిళ్ళ ఎగ్గొడుతున్నాను. ఇప్పటిదాకా ఏం కాలేదు. మొత్తం మానేస్తే తగ్గుతానా? ఎవరికైనా ఇలా అయ్యిందా?

చెరువుగట్టు:
చెల్లీ ముందు ఇవాళ రాత్రి బిళ్ళ వేసేసుకో, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. నిన్నటిది మిగిలిందని రెండు కలిపి వేసుకోకు మళ్ళీ.

నువ్వు చేస్తున్న పనే నేనూ చేశాను. మాది భీమవరం అవతల, రొయ్యల చెరువులు. నాదీ అదే మందు, పొట్టొచ్చేసింది, లుంగీ ముడి నిలవట్లేదని మావాళ్ళు ఒకటే ఎగతాళి, సరే అని నా అంతట నేనే రెండు పూటలది ఒక పూట చేసేశా. మూడు వారాలు ఏం కాలేదు, చూశావా డాక్టర్లు ఊరికే మింగిస్తారు అని మా ఆవిడతో కూడా అన్నాను. నాలుగో వారంలో తెల్లారాక చెరువులో గాలి ఆడించే ఏరియేటర్లు కట్టేద్దామని వెళ్ళి గట్టు మీద పడిపోయా. నీళ్ళ వైపు కాకుండా బాట వైపు పడ్డాను కాబట్టి ఇది రాస్తున్నా. కాపలా కుర్రాడు తాళాలగుత్తి చేతిలో పెట్టాడంట, ఉల్లిపాయ కూడా వాసన చూపించాడంట, పక్కకి తిప్పి పడుకోబెట్టాలని వాడికెవరు చెప్పారు పాపం. నాలుక కొరుక్కుని వారం రోజులు గంజే.

బరువు సంగతికొస్తే, మందు ఆపకుండానే ఎనిమిది నెలల్లో 5 కిలోలు తగ్గా. పెద్ద మంత్రం ఏం లేదు, అన్నం హస్తం గరిటతో కాకుండా చిన్న గిన్నెతో కొలిచి పెట్టమన్నా మా ఆవిడని, గిన్నె అయిపోతే అంతే. మన గోదావరోళ్ళ ఇంట్లో ఇది ఎంత కష్టమో నీకు తెలుసు, వద్దంటే అలిగినట్టు చూస్తారు. సాయంత్రం పునుగులు మానేసి ఆ టైములో మజ్జిగ తాగేవాణ్ణి. పస్తులు మాత్రం ఉండకు, కడుపు మాడ్చి నిద్ర చెడితే అదో గొడవ.

కొబ్బరితోట:
మా ఊళ్ళో ఆ కొబ్బరినూనె డైట్ చేసి 15 కిలోలు తగ్గినోళ్ళు ఉన్నారండి, అన్నం పూర్తిగా బంద్, నూనె తాగడమే. ఫిట్స్‌కి కూడా మంచిదంట, ట్రై చెయ్యండి.

నర్సమ్మ:
పైన కొబ్బరితోట గారూ, సగం నిజం చెప్పారు, ఆ సగమే ప్రమాదం. అన్నం లాంటివి బాగా తగ్గించి కొవ్వు ఎక్కువ పెట్టే కీటో డైట్ ఫిట్స్‌కి వాడే మాట వాస్తవమే, 1920ల నుంచీ ఉంది, కానీ అది ఎక్కువగా మందులకి లొంగని పిల్లలకి, డాక్టరూ డైటీషియనూ గ్రాముల్లో లెక్కకట్టి రక్తపరీక్షలు చేస్తూ ఇస్తారు. వాల్‌ప్రోయేట్ ఎలాగూ లివర్ మీద కన్నేసి వాడాల్సిన మందు, దాని మీద ఇంట్లో సొంతంగా నూనె తాగడం మొదలెడితే ఎటు పోతుందో ఎవరికి తెలుసు.

అమ్మాయ్, నేను డాక్టర్ని కాదు, కాకినాడలో న్యూరో వార్డులో పనిచేశాను కొన్నాళ్ళు. నీ ఆకలి నీ తప్పు కాదు, వాల్‌ప్రోయేట్‌కి అది బాగా తెలిసిన గుణం, ఆకలి పెంచుతుంది, ఇన్సులిన్ కూడా పెరుగుతుంది. మిగతా ఫిట్స్ మందుల్లో గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ కూడా ఇంతే, కార్బమాజెపిన్‌తో కొందరికి. లామోట్రిజిన్, లెవెటిరాసిటమ్ లాంటివాటితో బరువు పెద్దగా మారదు, లెవెటిరాసిటమ్‌తో కొందరికి కోపం చిరాకు వస్తాయి, ఇంట్లోవాళ్ళు ముందే తెలుసుకుంటే మంచిది. ఏ ఫిట్స్‌కి ఏ మందు పనిచేస్తుందన్నది మాత్రం డాక్టరే చూడాలి, పక్కింటావిడకి పడింది నీకు పడాలని లేదు.

బరువు కన్నా ముందు అడగాల్సింది ఇంకోటుంది. పెళ్ళి సంబంధాలు చూస్తున్నారన్నావు. వాల్‌ప్రోయేట్ వాడుతుండగా గర్భం వస్తే పదిమంది పిల్లల్లో ఒకరికి పుట్టుకతో లోపం వచ్చే అవకాశం ఉంది, వెన్నుపూస దగ్గర, గుండెకి, తర్వాత చదువు మాటలు వెనకబడటం కూడా. అందుకే పిల్లలు కనే వయసు ఆడవాళ్ళకి వేరే దారి ఉంటే ఇది ఇవ్వకూడదని అంటారు. పీరియడ్స్ తప్పడం, బరువు, జుట్టు మూడూ కలిపి చెప్పు, పీసీఓడీ, అంటే హార్మోన్లు తేడా చేసి అండాశయాల్లో నీటిబుడగల్లాంటివి రావడం, ఉందేమో చూస్తారు, థైరాయిడ్ షుగర్ లివర్ కూడా చేయిస్తారు. సిగ్గుపడి బరువొక్కటే చెప్పి రాకు. బిళ్ళలు ఎగ్గొట్టిన సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మందు పనిచేస్తోందో లేదో ఆయనకెలా తెలుస్తుంది.

ఠక్కున ఆపేస్తే ఫిట్స్ ఆగకుండా ఒకదాని మీద ఒకటి రావచ్చు, అయిదు నిమిషాలు దాటితే ప్రాణం మీదకే. మందు మార్చినా పాతది మెల్లగా తగ్గిస్తూ కొత్తది మెల్లగా పెంచుతారు, వారాలు నెలలు పడుతుంది.

ఇంకోటి, వాకింగ్ అంటే కాలవ గట్టు మీద ఒక్కదానివే వెళ్ళకు, ఊళ్ళో రోడ్డు మీద ఎవరినైనా తోడు తీసుకుని నడువు. చట్టం సంగతి కూడా మీ అమ్మగారికి చెప్పు, మూర్ఛ ఉంటే పెళ్ళికి అడ్డు అనే మాట హిందూ వివాహ చట్టంలోంచి 1999లోనే తీసేశారు. దాచి చేస్తే తర్వాత బిళ్ళలు కూడా దాచుకుని మింగాలి, వార్డులో అలాంటి కోడళ్ళని చూశాను నేను.

బుడ్డోడి_అమ్మ:
మీరందరూ పెరుగుతున్నారని బాధపడుతుంటే మావాడిది రివర్స్ అండి. 9 ఏళ్ళు, టోపిరమేట్ మీద ఉన్నాడు, 27 కిలోలవాడు 23కి వచ్చాడు, ముద్ద ముట్టడు. పాలకొల్లులో తిరునాళ్ళకి తీసుకెళ్తే గోళీసోడా కొనిపించుకుని ఒక గుక్క తాగి "అమ్మా గ్యాస్ పోయింది" అని ఇచ్చేశాడు. నేను తాగితే ముక్కులోకి ఎక్కింది! బండివాడితో గొడవ కూడా పడబోయాను. తర్వాత డాక్టరు గారిని అడిగితే నవ్వి ఆ మందు అంతేనమ్మా, సోడాలు చప్పగా అనిపిస్తాయి అన్నారు. వేళ్ళు జివ్వుమంటున్నాయనేవాడు, అదీ మందేనంట. చెమట కూడా తక్కువ పడుతుంది, రోహిణి కార్తెలో బయట ఆడనివ్వద్దన్నారు, కిడ్నీలో రాళ్ళు రాకుండా నీళ్ళు ఎక్కువ తాగించమన్నారు. ఇప్పుడు డోసు కొంచెం తగ్గించారు, పొద్దున్నే బిళ్ళకి ముందు దిబ్బరొట్టి ముక్క తినిపిస్తున్నా, అప్పుడైతే తింటున్నాడు.

ఇది ఎందుకు రాశానంటే, సన్నబడే మందు ఉందంటగా అది ఇప్పించండి అని ఎవరూ అడక్కండి.

నర్సమ్మ:
బాగా చెప్పారమ్మా. ఆ టోపిరమేట్ కూడా గర్భంలో బిడ్డకి మంచిది కాదు, ఆ అమ్మాయి కోసం చెప్తున్నా.

కోనసీమ_పిల్ల:
అందరికీ థాంక్స్ అండి, నెల తర్వాత రాస్తున్నా. ఆ రాత్రి నుంచి బిళ్ళ తప్పలేదు. అమ్మని కూర్చోబెట్టి నర్సమ్మ గారు రాసింది చదివి వినిపించాను, మొదట తిట్టింది, పిల్లల సంగతి దగ్గరకొచ్చాక ఏం మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయింది, మర్నాడు తనే పద రాజమండ్రి వెళ్దాం అంది. డాక్టరు గారు బిళ్ళలు ఎగ్గొట్టానంటే చాలా కోప్పడ్డారు కానీ అన్నీ విన్నారు. లామోట్రిజిన్ 25 రోజు విడిచి రోజు మొదలెట్టారు, వాల్‌ప్రోయేట్ ఉండగా తొందరగా పెంచితే ఒంటి మీద దద్దుర్లు వస్తాయంట, ఒక్క దద్దురు కనపడినా వెంటనే రమ్మన్నారు. రోజూ అద్దం ముందు చేతులు చూసుకుంటున్నా, దోమ కుట్టినా భయమే. పాతది తగ్గించడానికి ఇంకా టైముందన్నారు. స్కానింగ్‌లో పీసీఓడీ ఉందని వచ్చింది.

బరువు 62.5. అంతే, ఎక్కువ ఊహించుకోకండి. గిన్నె కొలత మొదలెట్టాను చెరువుగట్టు అన్నయ్యా, మా నానమ్మ మాత్రం నేను చూడనప్పుడు ఇంకో గరిట వేసేస్తోంది. జంతికల డబ్బా అమ్మ అటక మీద పెట్టింది. ఆ జాకెట్టు అలాగే ఉంది, టైలరమ్మ కొత్తది కుట్టనా అంటే ఇప్పుడే వద్దన్నాను.