అప్‌డేట్: నాన్నగారి ఊపిరి శబ్దాన్ని తెరమీద చూశాం

నాన్నగారికి కొన్ని నెలలుగా పొడిదగ్గు, ఆయాసం. ఎలక్ట్రానిక్ స్టెతస్కోపుతో ఊపిరి శబ్దాన్ని బొమ్మగా చూస్తే జబ్బు తేలుతుందా అని అడిగాను కదా, ఇదీ సంగతి.

డాక్టరుగారు చొక్కా విప్పించి, వీపు కింది భాగాన పరికరం ఆనించి రికార్డు చేశారు. బట్ట రాపిడి కూడా తెరమీద జబ్బులాగే కనిపిస్తుందట! గీత మొదట నున్నగానే సాగింది. గాలి పీల్చడం ముగియబోతుండగా సన్నని ముళ్లు గుత్తులుగా లేచాయి. అవే క్రాకిల్స్, అంటే ఊపిరిలో వినిపించే చిటపట శబ్దాలు. ఒక్కొక్కటి 20 మిల్లీసెకన్లయినా ఉండదు కాబట్టి, కాలాన్ని సాగదీసి గీస్తేనే విడివిడిగా కనిపిస్తాయి. 1977లో రేమండ్ మర్ఫీ అనే అమెరికన్ డాక్టరు బృందం వివరించిన పద్ధతి ఇది. ఆస్తమాలో తరచు వినిపించే పిల్లికూతలైతే, శబ్దం ఎంత కీచుగా ఉందో కాలం వెంట చూపే బొమ్మ అయిన స్పెక్ట్రోగ్రామ్‌లో అడ్డగీతల్లా పరుచుకుంటాయి. నాన్నగారికి ఒక్కటీ లేదు. అలాంటప్పుడు ఇన్నాళ్లూ ఆస్తమా ఇన్‌హేలర్ ఎందుకు వాడినట్టు?

అయితే బొమ్మ జబ్బు పేరు చెప్పదు. న్యుమోనియాలోనూ, గుండె నీరసించి ఊపిరితిత్తుల్లో నీరు చేరినా క్రాకిల్స్ వస్తాయి. అందుకే ఎకో (గుండె స్కాన్), స్పైరోమెట్రీ (ఊది చేసే ఊపిరి పరీక్ష), సీటీ స్కాన్ రాశారు. గుండె బాగానే ఉంది. స్కాన్‌లో ఊపిరితిత్తుల అడుగున ఫైబ్రోసిస్, అంటే కణజాలం మచ్చకట్టి గట్టిపడటం, తేలింది. మందులు మొదలుపెట్టారు.

ఫోనుకు తగిలించే స్టెతస్కోపు కొనమన్నవారికి: కొనడం లేదు. ఇంట్లో నడిచాక రక్తంలో ఆక్సిజన్ ఎంత తగ్గుతోందో చూడమన్నారు, దానికి వేలికి పెట్టే ఆక్సీమీటరు చాలు.