ఇలియడ్‌లోని ‘ఒపోరా’: కోతల కాలమా, పళ్ల కాలమా?

మునగచెట్టు: హోమర్ రాసిన గ్రీకు కావ్యం ఇలియడ్ గురించి తెలుగులో రాసేటప్పుడు, అందులో ఒక ఋతువు పేరుగా వచ్చే ‘ఒపోరా’ అనే గ్రీకు మాటను కొందరు ‘కోతల కాలం’ అంటున్నారు. నాకది మింగుడుపడదు. గ్రీసులో గోధుమ, బార్లీ శీతాకాలపు వానలకు పెరిగి మే, జూన్‌లలో కోతకొస్తాయి. కృత్తికలు తెల్లవారుజామున పొడవగానే కొడవలి పట్టమన్నాడు ప్రాచీన గ్రీకు కవి హెసియడ్. ఒపోరా మొదలయ్యేది ఆ తర్వాత, వేసవి ముదిరి సిరియస్ చుక్క వేకువన కనిపించాక. అప్పటికి నూర్పిళ్లు కూడా దాదాపు అయిపోతాయి. మిగిలేది ద్రాక్ష, అత్తిపళ్లు.

రేపల్లెవాడు: కోతంటే ధాన్యమేనా అండీ? మామిడికాయలకీ కోతే అంటాం. పైగా ఒపోస్ అంటే రసం, హోరా అంటే వేళ, రెండూ కలిసి ఒపోరా అయిందని చదివాను. మన జ్యోతిషుల హోర కూడా ఆ గ్రీకు హోరాయేగా. రసం నిండే వేళ! ఇంకేం కావాలి?

మునగచెట్టు: వినసొంపుగా ఉంది గానీ నిలవదు. క్రీ.పూ. 7వ శతాబ్దంలో స్పార్టా కవి ఆల్క్‌మన్ ఋతువులను లెక్కపెట్టిన పద్యంలో రెండు మాటలూ ఉన్నాయి. హోరాలో ‘హో’ అలాగే ఉంది, ఒపోరా మాత్రం ‘ఒపారా’ అయింది. హోరా నుంచే పుట్టుంటే ఆ ‘పా’ ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? ఒ, అ అనే రెండు అచ్చులు కలిసిపోతేనే గ్రీకు యాసను బట్టి ఒకచోట ‘ఓ’గా, ఒకచోట ‘ఆ’గా మారుతుంది. అందుకే ‘తర్వాత’ అనే అర్థమున్న ముక్కకు వేసవినో కోతనో చెప్పే పాత మాట చేరిందంటారు. పాత జర్మానిక్ భాష గోతిక్‌లో కోతకు ‘అసన్స్’, రష్యన్‌లో శరత్తుకు ‘ఓసెన్’ ఆ కుటుంబానివే.

రేపల్లెవాడు: చూశారా, మూలంలో కోత ఉందని మీరే ఒప్పుకున్నారు!

మునగచెట్టు: ఉంటే ఉంది, ‘తర్వాత’ను వదిలేస్తే ఎలా? కోత అయ్యాక వచ్చేదనేగా నేనూ అంటున్నది.

సుధామాధురి: మీ ఇద్దరూ మూలం దగ్గరే కొట్టుకుంటున్నారు. వాడుక చూడండి. క్రీ.పూ. 421లో ఆడిన అరిస్టోఫనీస్ నాటకం ‘శాంతి’లో ఒపోరా ఒక పెళ్లికూతురు. వరుడు ద్రాక్షతోట రైతు. అప్పటికే అది పళ్ల పేరన్నమాట. నేటి గ్రీకులోనూ పళ్లను ‘ఒపోరికా’ అంటారు. అలాగని ఇలియడ్ 22వ సర్గలో ఒపోరాలో పొడిచే సిరియస్‌ను ‘పళ్ల కాలపు చుక్క’ అని రాస్తే నవ్వొస్తుంది. అక్కడ ఆ చుక్క జ్వరాలు మోసుకొచ్చే అపశకునం. ట్రాయ్ వీరుడు హెక్టర్ మీదికి వస్తున్న గ్రీకు వీరుడు అకిలీస్‌కు ఉపమానం. అక్కడ ‘వేసవి చివర’ అంటే సరిపోతుంది.

రేపల్లెవాడు: ‘మండువేసవి’ అనండి, ఆ జ్వరాలకు అదే నప్పుతుంది. హోరా సంగతి మాత్రం ఇంకా వదల్లేదు, ఆ ఆల్క్‌మన్ పద్యం మొత్తం పెట్టండి ముందు.